గురువారం ఫస్ట్ షో

నేను ఇరవై రెండేళ్లు చిత్తూరులో ఒక సినిమా హాలుకు మేనేజరుగా పనిచేశాను. ఆ హాలు నా చిన్ననాటి స్నేహితుడిది. ఇప్పుడు అక్కడ లేను. ఎందుకు మానేశావని అడిగిన వాళ్లకు, నేను మానలేదు, మాన్పించారు అని చెబుతాను. చాలామంది అక్కడితో ఆపేస్తారు. నేను ఆపను, మొదటి నుంచీ చెబుతాను. విసుగు పుట్టి టీ సగంలో వదిలేసి లేచిపోయిన వాళ్లు ఎవరెవరో నాకు గుర్తున్నారు.

ఇలా గుర్తుండడం జబ్బని నా భార్య అంటుంది. కావచ్చు. నా స్నేహితుడి పెళ్లిలో నేను మొదటి బంతిలో కూర్చున్నాను. బెంగళూరు నుంచి వాళ్ల మామగారి తరఫు వాళ్లెవరో ఆలస్యంగా వచ్చారని నన్ను లేపి రెండో బంతికి పొమ్మన్నారు. అప్పటికే నా ఆకులో ఉప్పు వడ్డించారు. ఆ ఉప్పు ముందు ఇంకొకడు కూర్చుని తిన్నాడు. హాలు కట్టి పాతికేళ్లయిన సందర్భంగా జరిగిన సభలో ఆపరేటరును, గేటు వాళ్లను పేరుపేరునా పిలిచి శాలువా కప్పి, నా దగ్గరికి వచ్చేసరికి "ఈయన మా మేనేజరు" అన్నాడు తప్ప, నా ఫ్రెండు అనలేదు. శాలువాలు కూడా అప్పటికి అయిపోయాయి. ఇవి చిన్న విషయాలే. చిన్న విషయాలని నాకు తెలుసు కాబట్టే ఎవరితోనూ అనలేదు. మరిచిపోలేదు కూడా.

బయటి వాళ్ల మీద మాత్రం ఊరుకోలేదు. వీధి దీపం వెలగకపోతే రాశాను. పూతలపట్టు కూడలిలో చెయ్యెత్తినా ఆపకుండా పోయిన ప్రైవేటు బస్సు మీద నంబరుతో సహా రాశాను. కొలత తక్కువ పోసిన కిరాణా కొట్టు మీద రాశాను. నేను లోపలికి అడుగుపెడితే గుమస్తాలు ఫైళ్లలో తల దూర్చే ఆఫీసులు ఊళ్లో రెండు మూడు ఉన్నాయి. అలాంటి నేను, రాయాల్సిన అసలు సమయంలో రాయకుండా, రాయకూడని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ కాగితం సంగతే ఇక్కడ చెప్పబోయేది.

ముందు ట్రైల్ గురించి చెప్పాలి. పాత రోజుల్లో సినిమా రీళ్లుగా రేకు పెట్టెల్లో వచ్చేది. శుక్రవారం విడుదలంటే గురువారానికి పెట్టెలు హాలుకు చేరేవి. రీలు తెగిందా, గీతలున్నాయా, మాట సరిగ్గా వినిపిస్తోందా అని ఆపరేటరు ఒకసారి వేసి చూసేవాడు. దాన్ని ట్రైల్ అనేవాళ్లం. అప్పుడు హాలు సిబ్బంది, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు, పిల్లలు, కరెంటాఫీసు లైన్‌మన్, స్టేషను నుంచి ఒకరిద్దరు కానిస్టేబుళ్లు లోపల కూర్చునేవాళ్లు. టికెట్ ఉండదు. ఎవరినీ బయటికి పొమ్మనేవాళ్లం కాదు. అది మా హాలు ఆచారం. బహుశా అన్ని హాళ్లదీనేమో.

వేళ కాని వేళ హాల్లో దీపాలు, మాటలు ఏమిటని ఎవరైనా అడుగుతారని, ముందుగా పోలీసు స్టేషనుకు ఒక లెటరు పంపేవాళ్లం. "రేపు విడుదల కాబోయే చిత్రపు ప్రింటును పరీక్షించుకుంటున్నాము. తలుపులు మూసి ఉంటాయి. ప్రేక్షకులను ఎవరినీ అనుమతించము." కింద మేనేజరు అని నా సంతకం. ఆ నమూనా నేనే తయారు చేశాను. సినిమా పేరు, తేదీ మార్చడం తప్ప ఇరవై రెండేళ్లలో ఒక్క అక్షరం మారలేదు.

తర్వాత రీళ్లు పోయాయి. ఇప్పుడు సినిమా కంప్యూటరులోకి వస్తుంది. దానికొక తాళం ఉంటుంది. ఫలానా గంటకు తెరుచుకోవాలని సినిమా పంపిన వాళ్లే పైనుంచి నిర్ణయిస్తారు. ప్రింటే లేదు, ఇక పరీక్షించేదేమిటి? అయినా ట్రైల్ మానలేదు, తాళం ఒక రోజు ముందే తెరుచుకునేలా అడిగి పెట్టించుకునేవాళ్లం. ఒక రోజు ముందు చూసే అలవాటును సిబ్బంది ఇళ్లలో ఎవరూ వదులుకోలేదు. లెటరు కూడా అలాగే నడిచింది.

ఆ బుధవారం మధ్యాహ్నం నా స్నేహితుడు నన్ను తన గదికి పిలిచాడు. శుక్రవారం ఒక పెద్ద హీరో సినిమా. కొన్ని ఊళ్లలో ముందురోజు సాయంత్రమే ప్రీమియర్ వేసుకోవడానికి, ఎక్కువ ధరకు టికెట్ అమ్ముకోవడానికి అనుమతి వచ్చింది. మాకు రాలేదు. ఆ హీరోకు సరిహద్దు అవతల తమిళనాడులోనూ అభిమానులు ఎక్కువ. అక్కడ ఉదయం తొమ్మిది లోపల ఆట వేయనివ్వరు. కాట్పాడి, గుడియాత్తం నుంచి వారం రోజులుగా మా హాలుకు ఫోన్లు వస్తున్నాయి.

"ఏమప్పా, రేపు ఫస్ట్ షోకి పాత బొమ్మ తీసేసి కొత్తది పెడ్తాం," అన్నాడు.

"పర్మిషను వచ్చిందా?"

"వస్తాది."

"వస్తాదంటే రాలేదనే గదా."

"నువ్వు కలెక్టరాఫీసులో గుమస్తాగా పుట్టాల్సినోడివి. దారి తప్పి ఈడికొచ్చి నా పానం తీస్తా ఉండావు. టికెట్లు గాదప్పా, పాసులు. ధర ఉండదు. పిలిస్తే వస్తారు, సూస్తారు, పోతారు. ఇన్నాళ్లు ట్రైల్ వేసుకున్యాం, ఎవురన్నా అడిగినారా?"

"ట్రైల్‌కు హాలు నిండదు."

"ఎంతమంది కూర్సుంటే ట్రైలు, ఎంతమంది కూర్సుంటే ఆట? యాడన్నా రాసుండాదా?"

దానికి జవాబు తర్వాత ఒక లాయరు చెబితే తెలిసింది. అప్పటికి తెలియదు.

"స్టేషనుకి లెటరు పంపిజ్జాం. సంతకం పెట్టు."

"నేనెందుకు?"

"ఎప్పుడూ పెట్టేదెవురు?" అని, నేను కుర్చీలోంచి లేవకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "నీ మీదికి రానిస్తానంట్రా? ఒక బెంచీలో కూర్సున్నోళ్లం గదరా మనం."

హాలు అతడి చేతికి వచ్చాక అతడు నన్ను ఒరే, రా అని పిలవడం మానేశాడు. పదిమందిలో బాగుండదని అప్పా దగ్గర ఆగాడు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ పిలుపు విన్నాను. నేను ప్రతిదానికీ రాతపూర్వకంగా ఇవ్వమనే మనిషిని. గ్యాసు సిలిండరు తెచ్చినవాడిని కూడా రసీదు మీద టైము వేయమంటాను. ఆ రోజు అతడిని ఒక చిన్న చీటీ కూడా అడగలేదు. సంతకం పెట్టాను.

పసుపు రంగు పాసుల మీద వరస నంబర్లు కూడా నేనే వేశాను. నా దస్తూరీ బాగుంటుంది.

గురువారం సాయంత్రం ఆరు గంటలకే హాలు ముందు రోడ్డు నిండిపోయింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. పాసులు పట్టుకుని వచ్చిన వాళ్లలో నేను ఎరిగిన ముఖాలు పది కూడా లేవు. ఒక తమిళాయన భార్యతో, తల్లితో వచ్చి, "సార్, పడం ఎప్ప పోడువీంగ?" అని అడిగాడు. బొమ్మ ఆరున్నరకు వేస్తామని చెప్పి, పాసు ఎవరిచ్చారని అడిగాను. ఎదురుగా ఉన్న టీ అంగడి చూపించాడు. అక్కడ ఎంతకు కొన్నాడో కూడా దాచకుండా చెప్పాడు, ఇంకాస్త బేరం ఆడి ఉండాల్సిందా అన్నట్టు నా ముఖం చూశాడు.

పాసులు అమ్ముతున్నారని అప్పుడు నాకు తెలిసింది. బొమ్మ ఇంకా మొదలు కాలేదు. ఈ సంగతి తర్వాత చాలా ముఖ్యమవుతుంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ఆట మొదలయ్యే ముందే నాకు తెలుసు.

మెట్లెక్కి ఆపరేటరు గది దాకా వెళ్లాను. ఆ వరండా చివర నా స్నేహితుడి గది. దానికి పెద్ద అద్దం ఉంటుంది. అద్దం వెనక తెల్ల చొక్కాలో నిలబడి కింద జనాన్ని చూస్తున్నాడు. నన్ను చూశాడు. నేను రెండు చేతులూ విప్పి ఏమిటిది అన్నట్టు సైగ చేశాను. అతడు కుడిచెయ్యి పైకెత్తి, కానీ అన్నట్టు ఊపాడు. నేను ఆపరేటరును మొదలుపెట్టమన్నాను.

ఇంటర్వెల్‌లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఆయనతో పాటు ఎస్సై వచ్చారు. ఎవరో హాలు ఫోటో, పాసు ఫోటో తీసి పంపారట. దీపాలు వెలిగాయి. ఇదేమిటని ఇన్‌స్పెక్టరు అడిగారు. ట్రైల్ సార్ అన్నాను. నోటి నుంచి అదే వచ్చింది. ఆయన చివరి వరసలో మరమరాలు తింటున్న ఒక ముసలామె వైపు తిరిగారు.

"ఏమ్మా, నువ్వు ప్రింటు పరీక్ష జేసేదానికి వచ్చినావా?"

"పరీచ్చేంది నాయనా, పాస్ కొనుక్కోని వచ్చినాం," అంది ఆమె.

ఆ వరస మొత్తం నవ్వింది. లెటరు కాపీ నా జేబులో లేకపోతే నేనూ నవ్వి ఉండేవాణ్ణి. అద్దం గది వైపు చూశాను. లైటు తీసేసి ఉంది. జనరేటరు గది పక్కన వెనక వీధిలోకి పోయే చిన్న తలుపు ఉంటుంది. ఆ తలుపు సంగతి తెలిసిన వాళ్లం ముగ్గురమే. అతడి ఫోను స్విచ్ ఆఫ్.

సినిమా హాళ్లకు లైసెన్సు ఇచ్చే అధికారి జాయింట్ కలెక్టరు. లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది, విచారణ పెట్టారు. నన్నూ పిలిచారు. ఆ రోజు పొద్దున్నే నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇద్దరం కలిసి వెళదామని హాలు దగ్గరికి పోతే, కారు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. ఆటోలో పోయాను.

విచారణలో అతడు చెప్పింది చాలా తక్కువ. "నేను ఆ పొద్దు ఊర్లోనే లేను సార్. కాణిపాకం పోయింటి, సామి దర్శనానికి. అంతా మేనేజరు సూసుకున్యాడు. పాసుల మీద దస్తూరీ ఆయనదే, లెటరు మీద సంతకం ఆయనదే. ఆయన్ని పన్లోంచి తీసేసినాను."

పనిలోంచి తీసేసిన సంగతి నాకు అక్కడే తెలిసింది.

ఊళ్లో లేనని చెప్పడానికి తిరుపతి అనొచ్చు, వేలూరు అనొచ్చు, మదనపల్లె అనొచ్చు. అతడు కాణిపాకం అన్నాడు. మా వైపు వాళ్లకు దాని అర్థం తెలుసు. అప్పు లేదన్నవాడిని, దొంగతనం చేయలేదన్నవాడిని, మాట తప్పలేదన్నవాడిని కాణిపాకం రమ్మంటారు. కోనేట్లో మునిగి తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేయాలి. అక్కడ అబద్ధం చెప్పి బాగుపడిన వాడు లేడని మా నమ్మకం. చాలా తగువులు ప్రమాణం దాకా కూడా పోవు. కాణిపాకం వస్తావా అన్న మాటకే తేలిపోతాయి. అలాంటి ఊరి పేరును అతడు అబద్ధానికి అడ్డం పెట్టాడు.

వరండాలో పట్టుకున్నాను. "ఎందుకప్పా ఇట్ల జెప్పినావు?"

"హాలు మూసేస్తే అందురి కడుపులూ కొట్టినట్టు గాదా? ఒకడి మీద పోతే పోతాది."

"ఆ ఒకడు నేనా?"

"నీకేమప్పా, ఆఫీసులూ అర్జీలూ నీకు అలవాటే గదా," అన్నాడు. ఎగతాళిగా కాదు. నిజంగానే అలా అనుకుంటున్నట్టు అన్నాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఆర్డరు వచ్చింది. హాలుకు హెచ్చరిక. లైసెన్సు అలాగే ఉంది. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. లైసెన్సుదారుకు తెలియకుండా మేనేజరు తన సొంత లాభం కోసం ఈ ప్రదర్శన ఏర్పాటు చేసినట్టు తేలిందట. ఉద్యోగం పోయిందని నేను ఏడవలేదు. ఇల్లుంది, గడుస్తుంది. నాకు కావలసింది ఆ ఒక్క వాక్యం పోవడం. ప్రభుత్వం దస్త్రంలో నా పేరు పక్కన ఆ మాటలు ఉండకూడదు. ఇప్పటికీ నేను అడుగుతున్నది అదొక్కటే.

ఊళ్లో ఇంకో మాట కూడా పుట్టింది. క్షవరం చేయించుకుంటుంటే మంగలి షాపులో ఒకాయన అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు. "ఏమన్నా, సొంత హాలు మీదనే కంప్లెయింట్ రాసినావంటనే?" నేను రాయలేదన్నాను. "నువ్వు గాక ఇంకెవురు రాస్తారన్నా ఈ ఊర్లో?" అన్నాడు. షాపులో అందరూ అవునన్నట్టు చూశారు. ఇరవై ఏళ్లుగా నేను రాసినవన్నీ నిజమైన ఫిర్యాదులు. నేను రాయని ఫిర్యాదు ఒక్కటి నా మెడకు చుట్టుకుంది.

నేను చట్టం చదవడం మొదలుపెట్టాను. లైసెన్సు కాగితం, దాని వెనక షరతులు, సినిమా హాళ్ల నిబంధనలు అన్నీ జిరాక్సు తీయించాను. నెల రోజులు చదివినా నాకు ఒక ముడి విడలేదు. విడుదలకు ముందు వేయడం తప్పయితే, విడుదల అంటే ఏమిటో ఎక్కడైనా రాసి ఉండాలి కదా. ఏ కాగితంలోనూ ఆ మాట కనబడలేదు. తిరుపతిలో సినిమా తగాదాలు చూసే ఒక లాయరు ఉన్నారంటే కట్టంతా సంచిలో వేసుకుని వెళ్లాను.

ఆయన నా సంచి విప్పనివ్వలేదు. "విడుదల అనేది సినిమావాళ్ల మాటండీ. పోస్టరు మీద తేదీ. సినిమా ఇచ్చినోళ్లకీ హాలుకీ మధ్య ఒప్పందంలో అది ఉంటాది, తేడా వస్తే వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. లైసెన్సుకి దాంతో పన్లేదు. లైసెన్సు సూసేది ప్రదర్శన. జనాన్ని లోపలికి రానిచ్చి బొమ్మ ఏస్తే అది ప్రదర్శనే. ట్రైల్ అనండి, ప్రీమియర్ అనండి, టికెట్ అనండి, పాస్ అనండి, పేరు మారిస్తే పని మారదు. సరే, సెన్సారు సర్టిఫికెట్ ఉండిందా?"

"ఉండింది."

"రోజుకి నాలుగాటలు వేసుకోవచ్చు. మీరేసింది ఐదోదా?"

"కాదు సార్. పాత బొమ్మ ఫస్ట్ షో తీసేసి దాని చోట్లోనే వేసినాం."

"మరింకేమి? మామూలు ధరకి కౌంటర్లో టికెట్టిచ్చి వేసుంటే అది గురువారం ఫస్ట్ షో, అంతే. ప్రభుత్వానికి అడిగేదానికేమీ లేదు. ఎక్కువ ధరకి అమ్మాలంటేనే పర్మిషను."

"అయితే తప్పు ఏడుంది సార్?"

"మీ లెటరులో ఉంది. జనం లేరని రాసి జనాన్ని కూర్సోబెట్టినారు. ధర లేని పాసని జెప్పి టీ అంగట్లో అమ్మించినారు. ఆటలో తప్పు లేదండీ. అది ఆట గాదని రాసినారు సూడండి, అదే తప్పు."

ఎంతమంది కూర్చుంటే ఆట అని నా స్నేహితుడు అడిగిన దానికి జవాబు అది. బయటి మనిషిని ఒక్కణ్ణి కూర్చోబెట్టినా ఆటే. ఇన్నేళ్లు ట్రైల్ పేరుతో లైన్‌మన్‌నూ కానిస్టేబుళ్లనూ కూర్చోబెట్టిన ప్రతి గురువారం మేము ఆటే వేశాము. నేను తయారు చేసిన నమూనా మొదటి రోజు నుంచీ అబద్ధమే. దాని మీద ఇంకెవరి సంతకమూ లేదు.

అప్పీలు రాద్దామన్నారు లాయరు. రాసేటప్పుడు నన్ను ఒక మాట అడిగారు. "పాసులు అమ్మినట్టు మీకు తెలుసా?" నేను చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "తెలుసంటే మనకి నిలబడేదానికి చోటుండదు. ఓనరు మాట నమ్మి, తెలియక సంతకం పెట్టినానని రాద్దాం." సరేనన్నాను. నాకు జరిగిన అన్యాయం అంత పెద్దదిగా ఉన్నప్పుడు ఆ ఒక్క మాట లెక్కలోకి రాదనుకున్నాను. అప్పీలు వేశాము. ఒక నకలు నా స్నేహితుడికి వెళ్లింది.

అప్పీలు ఆఫీసులో కదలలేదు. నేను ఆగలేకపోయాను. అతడికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. ఆ సాయంత్రం హాల్లో లేనని, కాణిపాకంలో ఉన్నానని చెప్పావు, అదే మాట కాణిపాకం వచ్చి ప్రమాణం చేయి అని, తేదీ, గంట వేసి రాశాను. రాడని నాకు గట్టి నమ్మకం. రాకపోతే ఆ సంగతి ఊరంతా చెప్పొచ్చని కూడా ఆశ.

వచ్చాడు. నేను బస్సు దిగి కోనేటి దగ్గరికి పోయేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని ఉన్నాడు. చేతిలో నా అప్పీలు నకలు.

"రాప్పా, కూర్సో. బస్సులో సీటు దొరికిందా?"

నేను కూర్చోకుండా నిలబడే ఉన్నాను.

"నువ్వు అడిగిందే జేస్తా. ఆ పొద్దు హాల్లో లేనని సామి ముందర జెప్తా. నువ్వూ జెయ్యి మరి." కాగితం మడత విప్పి వేలు పెట్టి చూపించాడు. "ఈడ రాసినావు సూడు, తెలియక సంతకం పెట్టినానని, పాసులు అమ్మేది తెలియదని. అది నువ్వు జెప్పు. ఇద్దరం ఒగేసారి మునుగుదాం."

"అది లాయరు రాసింది."

"కింద సంతకం ఎవురిది?"

అతడు నా వైపు చూసి, చాలా మెల్లగా అన్నాడు. "నీకు తెలియంది యాడుందప్పా? నా పెండ్లిలో ఎవురి ఆకులో ఉప్పేసినారో గూడా తెలుసు నీకు."

ఆ ఉప్పు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. అంటే ఆ రోజు నన్ను లేపడం అతడు చూశాడు. చూసి, తెలిసి, ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నాడు. మరిచిపోని వాణ్ణి నేనొక్కణ్ణే అనుకున్నాను.

చొక్కా విప్పాను. కోనేటి మెట్లు రెండు దిగాను. నీళ్లు పాదాలకు తగిలాయి. గేటు దగ్గర టీ అంగడి చూపించిన తమిళాయన వేలు కళ్ల ముందు కనబడింది. తెలియదని అక్కడ చెప్పలేను. అతడు చెప్పగలడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తువ్వాలు నడుముకు బిగించి నా వైపే చూస్తూ నిలబడ్డాడు, నేను మునిగితే తానూ మునుగుతాడన్నట్టు. నేను మెట్లెక్కి చొక్కా వేసుకున్నాను.

అతడు మామూలు దర్శనం వరసలో లోపలికి పోయి, ప్రసాదం తెచ్చి, సగం నా చేతిలో పెట్టాడు. ప్రసాదం వద్దనే మనిషిని కాను. అది కూడా అతడికి తెలుసు. కారులో వస్తావా అని అడిగాడు. బస్సులోనే వచ్చాను.

మర్నాటికి ఊళ్లో తెలిసిపోయింది. ప్రమాణానికి పిలిచినవాడే వెనక్కి తగ్గాడని. అందులో అబద్ధం లేదు.

ఇంట్లో నా భార్య అన్నం పెడుతూ అడిగింది. "ఇంతకీ పాసులు అమ్మేది మీకు తెలుసునా, తెలియదా?"

"తెలుసు."

"ఆయప్ప జెప్తేనే సంతకం పెట్టినారా?"

"ఆ."

"మరి ఆ రెండూ రాసుంటే పాయె గదా. ఒకటి రాసి ఒకటి దాచినందుకే గదా ఆయప్ప పట్టుకున్యాడు."

ఆమె మజ్జిగ పోసి లోపలికి వెళ్లింది.

నేను కొత్త కాగితం రాశాను. లాయరుకు చూపించకుండా నా దస్తూరీతో రాశాను. "జనం వస్తారని తెలిసే లెటరు మీద సంతకం పెట్టాను. హాలు యజమాని చెబితే పెట్టాను. పాసులు అమ్ముతున్నారని ఆట మొదలవకముందే నాకు తెలిసింది. అప్పుడు యజమాని తన గదిలో అద్దం వెనక ఉన్నాడు. చెయ్యెత్తి మొదలుపెట్టమన్నాడు. నేను మొదలుపెట్టించాను. సొంత లాభం కోసం చేయలేదు. ఆ వాక్యం తీసేయండి. మిగిలిన తప్పు నాదే, రాసుకోండి. ఇంతకు ముందు తెలియదని రాసింది అబద్ధం."

రాశాక ఫోనులో లాయరుకు చదివి వినిపించాను. "ఇది ఇస్తే మీ అప్పీలు మీరే చింపుకున్నట్టు. మీ మీద కేసు పెట్టినా పెడతారు," అన్నారు. మళ్లీ ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

కలెక్టరాఫీసులో సినిమా లైసెన్సులు చూసే సెక్షను గుమస్తా నన్ను ఎరుగును. ముందు తల దించుకున్నాడు, తప్పదని తీసుకున్నాడు. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది ఎవురి మీద సార్?"

"ఇద్దరి మీద."

"ఇద్దరిలో ఒకరు మీరే గదా."

"ముద్ర వేసి ఒక కాపీ ఇవ్వండి," అన్నాను. వేసి ఇచ్చాడు. టైము కూడా వేయమన్నాను. వేశాడు.

నాలుగు నెలలైంది. ఆ వాక్యం ఇంకా అలాగే ఉంది. ప్రతి సోమవారం పోయి అడుగుతున్నాను. హాల్లో కొత్త మేనేజరు వచ్చాడని, ట్రైల్ మాత్రం మానేశారని, సిబ్బంది ఇళ్లలో ఆడవాళ్లు నన్నే తిడుతున్నారని విన్నాను.

నా స్నేహితుడికి ఇంకో రిజిస్టర్డ్ ఉత్తరం రాశాను. ముద్ర ఉన్న కాపీ జతచేశాను. ఇప్పుడు నేను చెప్పాల్సిందంతా ఈ కాగితంలో ఉంది, దీని మీద ఎప్పుడైనా మునుగుతాను, నువ్వు హాల్లో లేనన్నావు కదా, రా అని రాశాను. ఈసారి తేదీ వేయలేదు, అతడికి వీలైన రోజు అతడినే చెప్పమన్నాను. ఉత్తరం అందినట్టు కార్డు తిరిగి వచ్చింది. దాని మీద అతడి సంతకం ఉంది, మనిషి సంతకమే, ఆఫీసు ముద్ర కాదు.

ఇంతవరకు రాలేదు, ఫలానా రోజని కబురూ లేదు. పంచె, తువ్వాలు సంచిలో పెట్టి తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. వాటిని తీయొద్దని నా భార్యకు చెప్పాను.